ఆరడుగుల నేల ఎన్నాళ్లకు? పారిస్ పాత శ్మశానం కథ

ఎంత సంపాదించినా చివరికి మిగిలేది ఆరడుగుల నేలే అంటారు మనవాళ్లు. పారిస్‌లో బతికి పోయినవాళ్లలో చాలామందికి అది కూడా మిగల్లేదు. దాదాపు 600 ఏళ్ల పాటు ఆ ఊళ్లో సామాన్యుడు చనిపోతే దొరికింది ఒక పెద్ద గోతిలో వందలమంది మధ్య కాస్తంత చోటు. అదీ కొన్నేళ్లకే. ఆ తర్వాత ఎముకలు బయటికి తీసి అటకెక్కించేవాళ్లు. మాటవరసకు అంటున్నది కాదు. శ్మశానం గోడ వెంబడి కట్టిన మండపాల పైన, ఇంటికప్పు లాంటి కప్పు కింద, నిజంగానే అటకలు ఉండేవి.

ఆ శ్మశానం పేరు ఇన్నోసెంట్స్. బైబిల్లో హేరోదు రాజు చంపించిన బెత్లెహేము పసిపిల్లల పేరు మీద అక్కడో చర్చి ఉండేది. శ్మశానానికీ అదే పేరు స్థిరపడింది. ఇప్పుడు అక్కడికి వెళ్తే చర్చీ లేదు, ఒక్క సమాధీ లేదు. ఒక చిన్న కూడలి, మధ్యలో పాతకాలపు ఫౌంటెన్, చుట్టూ కాఫీ హోటళ్లు, పక్కనే భూమి లోపలికి దిగే లే ఆల్ షాపింగ్ మాల్.

దీని గురించి సాధారణంగా చెప్పే కథ చాలా సాఫీగా ఉంటుంది. శ్మశానం నిండిపోయింది, వాసన భరించలేకపోయారు, ఎముకలన్నీ తీసి భూగర్భంలో క్యాటకూంబ్స్ అనే సొరంగాల్లో పెట్టారు, తర్వాత ఊరి బయట పేర్ లాషేజ్ అనే అందమైన తోట శ్మశానం కట్టారు. ఇందులో అబద్ధం పెద్దగా లేదు కానీ, మూడు నాలుగు వేర్వేరు విషయాలు ఒకే ముద్దలా కలిసిపోయాయి. మతం, డబ్బు, తప్పని తర్వాత తేలిన ఒక వైద్య సిద్ధాంతం, కుంగిపోతున్న రాతి గనులు. వీటిని విడదీసి చూస్తే అన్నిటి వెనకా ఒకటే ప్రశ్న కనిపిస్తుంది: పోయినవాడికి ఇచ్చిన చోటు ఎన్నాళ్లు అతనిది?

ఊరి నడుమకు ఎలా వచ్చింది?

పాత రోమన్లకు ఈ విషయంలో పట్టింపు ఎక్కువ. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో రాసుకున్న పన్నెండు పలకల చట్టంలోనే, ఊరి లోపల శవాన్ని పూడ్చకూడదు, కాల్చకూడదు అని ఉంది. పారిస్ లుటీషియా అనే పేరుతో రోమన్ల ఊరుగా ఉన్నప్పుడు కూడా సమాధులు ఊరి బయట, దక్షిణానికి వెళ్లే రహదారి పక్కనే ఉండేవి.

క్రైస్తవం వచ్చాక ఈ లెక్క తిరగబడింది. పునీతుల, అంటే చర్చి సెయింట్లుగా కొలిచేవాళ్ల, అస్థికలు ఉన్న చోటు పవిత్రం. వాళ్లకు దగ్గరగా పడుకుంటే కడపటి తీర్పు రోజున వాళ్ల చలవతో మనమూ గట్టెక్కుతాం అన్నది నమ్మకం. అస్థికలు చర్చిలో ఉంటాయి, చర్చి ఊళ్లో ఉంటుంది, కాబట్టి శవాలూ ఊళ్లోకి వచ్చాయి. డబ్బున్నవాళ్లకు చర్చి లోపలే, నేల మీది రాతి పలకల కింద. బలిపీఠానికి ఎంత దగ్గరైతే అంత ఖరీదు. లేనివాళ్లకు బయట ఆవరణలో.

ఇన్నోసెంట్స్ విషయంలో ఇంకో మెలిక ఉంది. 12వ శతాబ్దం మొదట్లో అది ఊరి అంచున ఉన్న ఖాళీ నేల. 1130ల్లో రాజు ఆరో లూయీ మార్కెట్‌ను ఆ చుట్టుపక్కలకు మార్చాడు. దాంతో సంతకొచ్చినవాళ్లు, వాళ్ల పశువులు, వాళ్ల చెత్త అన్నీ సమాధుల మీదే. ఈ రభస చూసి ఆయన మనవడు ఫిలిప్ ఆగస్టస్ 1180ల్లో శ్మశానం చుట్టూ గోడ కట్టించాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఊరి చుట్టూ కోటగోడ కట్టిస్తే, మార్కెట్‌తో పాటు శ్మశానం కూడా లోపలికి వచ్చేసింది. ఊరి నడుమ శ్మశానం పెట్టాలని ఎవరూ అనుకోలేదు. ఊరే పెరిగి దాన్ని చుట్టేసింది. ఇది గుర్తు పెట్టుకోండి, పారిస్ ఇదే పని 1860లో మళ్లీ చేస్తుంది.

అటక లెక్క

మొత్తం శ్మశానం వైశాల్యం దాదాపు ఒక ఫుట్‌బాల్ మైదానమంత. అందులో పూడ్చే హక్కు ఇరవైకి పైగా పారిష్‌లది. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే పేట అనుకోవచ్చు. ఇవి కాక ఆసుపత్రిలో పోయినవాళ్లు, ఊరి మధ్య పారే సెయిన్ నదిలో తేలిన అనాథ శవాలు, ప్లేగు ఏడాదుల్లో బళ్ల కొద్దీ వచ్చేవాళ్లు. ఇంతమందికి ఆ కాస్త నేల 600 ఏళ్లు ఎలా సరిపోయింది?

పద్ధతి ఇదీ. చాలా లోతైన గొయ్యి తవ్వుతారు. శవాన్ని గుడ్డలో చుట్టి దించి, పైన పల్చగా మట్టి చల్లుతారు. గొయ్యి నిండేదాకా దాన్ని పూర్తిగా మూయరు. చివరి రోజుల్లో ఒక్కో గోతిలో వెయ్యికి పైగా శవాలు పట్టేవి. నిండాక పక్కన ఇంకోటి. ఇలా తవ్వుకుంటూ వెళ్లి మళ్లీ మొదటి చోటికి వచ్చేసరికి అక్కడ ఎముకలే మిగిలి ఉండాలి. వాటిని పైకి తీస్తే చోటు ఖాళీ. ఇన్నోసెంట్స్ మట్టికి మాంసాన్ని తినేసే గుణం ఉందని, తొమ్మిది రోజుల్లో ఎముక తేల్చేస్తుందని జనం చెప్పుకునేవాళ్లు. నిజమో కాదో తర్వాత తేలింది, ఆ సంగతికి వస్తాను.

పైకి తీసిన ఎముకల కోసమే 14, 15 శతాబ్దాల్లో గోడల వెంట వరసగా మండపాలు కట్టారు. కింద కమానులతో నడవ, పైన వాలుకప్పు కింద కిటికీల్లాంటి తెరుపులున్న అటక. తలెత్తి చూస్తే పుర్రెలు వరసగా కనిపించేవి. ఈ మండపాలను పేరున్న కుటుంబాలు పుణ్యం కోసం కట్టించేవి. రసవాదిగా తర్వాత కథలకెక్కిన నికొలస్ ఫ్లామెల్ కూడా ఇక్కడ ఒక కమాను కట్టించాడు. ఆయన నిజజీవితంలో చేసింది బంగారం కాదు, పుస్తకాలకు నకళ్లు రాయించి అమ్మే వ్యాపారం.

మనకు ఇదంతా వింటే ఒళ్లు జలదరిస్తుంది. అప్పటివాళ్లకు అలా లేదు. ఇరుకు సందుల ఊళ్లో అంత ఖాళీ జాగా ఇంకెక్కడా లేదు మరి. పుర్రెల కింద నడవలో బట్టలు, బొమ్మల కాగితాలు అమ్మేవాళ్లు. చదువురానివాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టే లేఖకులు అక్కడే బల్లలు వేసుకుని కూర్చునేవాళ్లు. ఓ పనిపిల్ల తన ఊళ్లో ఉన్నవాడికి ప్రేమలేఖ రాయించుకోవాలంటే వచ్చేది ఇక్కడికే. రాసేవాడి నెత్తి మీద ముత్తాతల ఎముకలు.

ఎముకలు కలిసిపోతే అవమానం కాదా అని మనకు అనిపిస్తుంది. అప్పటి నమ్మకంలో కాదు. పవిత్రమైన నేలలో ఉంటే చాలు, ఏ మూల ఉన్నామన్నది లెక్కలోకి రాదు. చనిపోయినవాళ్లంతా తిరిగి లేచే పునరుత్థానం రోజున ఎవరి ఎముకలు వాళ్లకు దేవుడే చేరుస్తాడు. ఈ నమ్మకమే ఆ నేలను ఆరు శతాబ్దాలు నడిపింది. చిన్న జాగాలో లక్షలమందిని పూడ్చగలిగింది మట్టి మహిమ వల్ల కాదు, తన పేరున ఒక చోటు శాశ్వతంగా ఉండాలని సామాన్యుడు అడగకపోవడం వల్ల.

1424–25లో దక్షిణపు మండపం గోడ మీద ఒక పెద్ద బొమ్మ వేశారు. పోపు, చక్రవర్తి మొదలుకుని రైతు, పసిబిడ్డ దాకా ఒక్కొక్కరి చేయి పట్టుకుని ఒక్కో శవం ఆడుతూ తీసుకుపోతుంటుంది. యూరప్ అంతా తర్వాత కాపీ కొట్టిన మృత్యునృత్య చిత్రాల్లో మొదటి పేరున్నది ఇదే. అది ఎలా పోయిందో చెబితే ఊరికీ శ్మశానానికీ ఉన్న పేచీ ఏంటో అర్థమవుతుంది. ఆ గోడకు అవతలి వైపు ఫెర్రోన్నెరీ వీధి. గోడకు ఆనించి దుకాణాలు వేసుకోవడంతో వీధి ఇరుకైపోయింది. 1610 మే 14న రాజు నాలుగో హెన్రీ బండి ఆ వీధిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఆగిన బండి మీదికెక్కి రవయాక్ అనేవాడు రాజును కత్తితో పొడిచి చంపాడు. వీధిని వెడల్పు చేసే పని 1669కి గానీ కాలేదు. అప్పుడు మండపం కూలింది, దానితో పాటే ఆ బొమ్మ కూడా.

వాసన, వైద్యులు, వసూళ్లు

18వ శతాబ్దానికి లెక్క తప్పింది. జనాభా పెరిగింది, నేల పెరగలేదు. పూడ్చి పూడ్చి శ్మశానం నేల చుట్టూ ఉన్న వీధుల కన్నా రెండు మీటర్లకు పైగా ఎత్తయింది. అంటే పక్కిళ్ల నేలమాళిగల్లో నిలబడితే, గోడకు అవతల మనిషెత్తుకు పైగా ఉన్నది మట్టి కాదు, శవాలే.

అప్పటి వైద్యం ప్రకారం రోగాలు చెడుగాలి వల్ల వస్తాయి. కంపు కొడితే అదే రోగం. క్రిముల సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. ఆ లెక్కన ఊరి నడిబొడ్డున ఉన్న శ్మశానం రోగాల పుట్ట. పాలు పులిసిపోతున్నాయని, వైన్ చెడిపోతోందని చుట్టుపక్కలవాళ్ల ఫిర్యాదులు. 1763లో పారిస్ పార్లమెంటు విచారణ వేసింది. పేరు పార్లమెంటే అయినా అది చట్టసభ కాదు, రాజుగారి పెద్ద కోర్టు. 1765లో తీర్పు వచ్చింది: ఊళ్లో శ్మశానాలు మూయాలి, బయట కొత్తవి పెట్టాలి.

ఏమీ జరగలేదు. పక్కా 15 ఏళ్లు ఏమీ జరగలేదు. అడ్డుపడింది ఎవరంటే ముందు చర్చిలే. పూడ్చినందుకు, ఊరేగింపుకు, గంట కొట్టినందుకు, కొవ్వొత్తులకు అన్నిటికీ వసూళ్లు ఉండేవి. శవం ఊరి బయటికి పోతే ఆ రాబడీ పోతుంది. కానీ తప్పంతా పాదిరీల మీదికి నెట్టేయడం కూడా సరికాదు. అమ్మానాన్నలను ఊరవతల పొలంలో వదిలేసి రావడానికి జనానికీ మనసొప్పలేదు. 1776లో రాజు పదహారో లూయీ చర్చిల లోపల పూడ్చడాన్ని దాదాపుగా నిషేధించాడు. ఇన్నోసెంట్స్ మాత్రం అలాగే నడిచింది.

1780లో లెంజెరీ వీధిలో ఒక ఇంటి నేలమాళిగ గోడ లోపలికి ఒరిగింది. గోడకు అవతల ఉన్నది ఒక పెద్ద గొయ్యి. దీపం పట్టుకుని దిగితే దీపం ఆరిపోయేంతటి చెడ్డ గాలి. కాదే ద వో అనే అధికారి వచ్చి పరీక్షలు చేసి, సున్నం పోయించి, గోడలు మూయించాడు. ఆ ఏడాదే ఇన్నోసెంట్స్‌లో పూడ్చడం ఆగిపోయింది.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. చెడుగాలి సిద్ధాంతం తప్పు. ఇన్నోసెంట్స్ పోయాక, ఊళ్లో పూడ్చడం పూర్తిగా మానేశాక కూడా 1832లో కలరా వచ్చి పారిస్‌లో 18,000 మందికి పైగా చనిపోయారు. అది తాగే నీళ్లలో మురుగు కలిసి వచ్చే రోగం. తప్పు కారణంతో ఒక అవసరమైన పని జరిగిందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ వాసన వల్లే శ్మశానం కదిలిందన్న కథను మాత్రం నేను పూర్తిగా ఒప్పుకోను. మూసింది 1780లో. ఎముకలు తీయమన్న ఆజ్ఞ వచ్చింది 1785 నవంబరులో. పూడ్చడం ఆగిపోయాక ఐదేళ్లకు అంత తొందర దేనికి?

దేనికంటే మార్కెట్‌కు చోటు కావాలి. ఆ 1785 ఆజ్ఞలో ఉన్నది కూడా అదే: శ్మశానాన్ని బజారుగా మార్చాలి. లే ఆల్ మార్కెట్ కిక్కిరిసిపోయి ఉంది, కూరగాయల వాళ్లు వీధుల్లో కూర్చుంటున్నారు. 600 ఏళ్ల కిందట సంత వచ్చి శ్మశానం మీద పడింది. చివరికి సంతే నెగ్గింది.

రాయి తీసిన చోట ఎముకలు

నేల కావాలి సరే, అన్ని ఎముకలు ఎక్కడ పెట్టాలి? ఇక్కడే శ్మశానంతో ఏ సంబంధమూ లేని ఇంకో కథ వచ్చి కలుస్తుంది.

పారిస్ భవనాలకు వాడిన లేత పసుపు సున్నపురాయి శతాబ్దాల పాటు ఎక్కువగా నదికి దక్షిణాన, భూమి కిందినుంచే తవ్వుకొచ్చారు. తవ్వినవాళ్లు పోయారు, సొరంగాలు మిగిలాయి, వాటి మీదికి ఊరు పెరిగింది. 1774 డిసెంబరులో దక్షిణపు పొలిమేర దగ్గర ఒక వీధి చాలా పొడవునా నేలలోకి కుంగిపోయింది. దాంతో 1777లో గనుల తనిఖీకి ప్రత్యేక శాఖ పెట్టి, గియోమో అనే వాస్తుశిల్పిని దానికి పెద్దగా వేశారు. ఆయన మనుషులు ఒక్కో సొరంగంలో దిగి, పటాలు గీసి, కప్పుకు రాతి స్తంభాలు ఊతంగా పెట్టుకుంటూ వచ్చారు. 1785 నాటికి తోంబ్ ఇస్వార్ అనే చోట కొన్ని గనులు గట్టిపడి, ఖాళీగా ఉన్నాయి. ఊరు కట్టడానికి రాయి తీసిన చోటే, ఆ ఊరు కట్టినవాళ్ల ఎముకలు పోసే చోటు అయింది.

1786 ఏప్రిల్ 7న పాదిరీలు ఆ గనులకు శుద్ధి చేశారు. ఆ తర్వాత బళ్లు కదిలాయి, రాత్రిళ్లు మాత్రమే. ఎముకల మీద నల్ల గుడ్డ కప్పి, ముందు దివిటీలు, వెనక తెల్ల అంగీలు వేసుకుని మరణ ప్రార్థనలు పాడుతూ పాదిరీలు. నదికి ఉత్తరాన ఉన్న మార్కెట్ నుంచి బయల్దేరి, వంతెన దాటి, ఊరి దక్షిణపు పొలిమేర దాకా. అక్కడ బావిలాంటి గొట్టంలోంచి ఎముకలను కిందికి వదిలేవాళ్లు. ఎండల్లో తవ్వితే ప్రమాదమని పనిని ఎక్కువగా చలికాలాల్లో పెట్టుకుని, 1787 కల్లా చాలావరకు తేల్చేశారు.

తవ్వకాలను తూరె అనే వైద్యుడు దగ్గరుండి చూశాడు, ఫూర్‌క్రువా అనే రసాయన శాస్త్రవేత్త కూడా వచ్చాడు. లోతు గోతుల్లో వాళ్లు చూసింది ఎముకలు కావు. శవాలు బూడిద తెలుపు ముద్దలుగా మారి ఉన్నాయి, ఆకారం చెడకుండా. వేలితో నొక్కితే మెత్తగా జారే, సబ్బుకూ మైనానికీ మధ్య రకం పదార్థం. గోతులు తవ్వేవాళ్లకు ఇది పాత సంగతే, శాస్త్రానికి దాదాపు కొత్త. గాలి ఆడని తడి నేలలో, వందల శవాలు ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని ఉన్నప్పుడు, ఒంట్లో కొవ్వు కుళ్లిపోకుండా ఇలా గడ్డకడుతుంది. అంటే తొమ్మిది రోజుల్లో మాంసం తినేసే మట్టి అన్నది ఉత్త మాట. ఆ నేల ఎప్పుడో అరిగించుకోవడం మానేసింది.

ఖాళీ అయిన చోట రాళ్లు పరిచి కూరగాయల మార్కెట్ పెట్టారు. పాత శ్మశానం మూలన చర్చికి ఆనుకుని 16వ శతాబ్దపు ఫౌంటెన్ ఒకటి ఉండేది, జలకన్యల శిల్పాలతో. దాన్ని విప్పి, మార్కెట్ మధ్యలోకి తెచ్చి మళ్లీ కట్టారు. ఇప్పటి కూడలిలో ఉన్నది అదే. ఆ శ్మశానాన్ని కళ్లారా చూసిన వస్తువుల్లో నేల పైన మిగిలింది దాదాపు అదొక్కటే.

గనుల్లో ఎముకలు ఇరవై ఏళ్లకు పైగా కుప్పలుగానే పడి ఉన్నాయి. మిగతా శ్మశానాల ఎముకలు కూడా వచ్చి చేరాయి. 1810 ప్రాంతంలో ఎరికార్ ద తూరీ అనే గనుల అధికారి వాటిని పేర్పించాడు. రోమ్‌లోని భూగర్భ సమాధుల పేరును అరువు తెచ్చి జనం దీన్నీ క్యాటకూంబ్స్ అన్నారు. సుమారు 20 మీటర్ల కిందికి 131 మెట్లు దిగితే గుమ్మం మీద, ఆగు, ఇది మృత్యు సామ్రాజ్యం అని రాసి ఉంటుంది. లోపల తొడ ఎముకల వరసలు, మధ్య మధ్య పుర్రెలు, చాలా నీటుగా. నీటుదనం ముందు వరసకే. దాని వెనక అడుగుల కొద్దీ అన్నీ కలగాపులగంగా పోసినవే. మొత్తం 60 లక్షల మంది అని చెబుతారు. ఎవరి పేర్లూ ఉండవు. ఫలానా శ్మశానం, ఫలానా నెల, ఫలానా ఏడాది అని రాతి పలకలు మాత్రం ఉంటాయి, గోడౌన్లో సరుకు దించిన తేదీ రాసినట్టు.

పలక మీద రాశారు కదా అని అంతా వచ్చేసిందనుకోవడానికీ లేదు. 2015లో పారిస్‌లో ఒక సూపర్‌మార్కెట్ నేలమాళిగను లోతు చేస్తుంటే 200కు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. అక్కడ ఒకప్పుడు త్రినితే ఆసుపత్రి శ్మశానం ఉండేది. అందులో ఎముకలన్నీ 18వ శతాబ్దంలోనే క్యాటకూంబ్స్‌కు తరలించేశారని అప్పటిదాకా లెక్క. సరుకుల అరల కింద, తలా కాళ్లూ వరసగా పేర్చినవాళ్లు పేర్చినట్టే ఉన్నారు.

కొండ మీద శాశ్వతం అమ్మిన ఊరు

1789లో ఫ్రెంచ్ విప్లవం వచ్చాక చర్చి ఆస్తులన్నీ ప్రభుత్వానివయ్యాయి, శ్మశానాలతో సహా. కొన్నాళ్లు పెద్ద గందరగోళం నడిచింది. 1804 జూన్ 12న నెపోలియన్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. ఫ్రాన్స్ శ్మశానాల చట్టానికి ఇప్పటికీ పునాది అదే. చర్చిల్లో, ఊళ్లలో పూడ్చకూడదు. శ్మశానం ఊరికి కనీసం 35 నుంచి 40 మీటర్ల దూరంలో ఉండాలి. వీలైతే ఎత్తయిన, ఉత్తరానికి తెరుచుకున్న నేల, అందులో చెట్లు. ఒక్కొక్కరికి ఒక్కో గొయ్యి, లోతు ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు. అదే గొయ్యి మళ్లీ తవ్వాలంటే కనీసం 5 ఏళ్లు ఆగాలి.

అసలు మలుపు ఇందులో ఇంకో చోట ఉంది. స్థలం ఉంటే, డబ్బు కట్టినవాళ్లకు ప్రత్యేకంగా చోటు ఇవ్వొచ్చు. అక్కడ గోరీ కట్టుకోవచ్చు, కుటుంబమంతా ఒకేచోట ఉండొచ్చు. కొనడం కాదు, నేల ఎప్పుడూ ఊరిదే. వాడుకునే హక్కు మాత్రం. అంతకుముందు డబ్బున్నవాడు బలిపీఠానికి దగ్గరదనాన్ని కొనుక్కునేవాడు. ఇకనుంచి కొనుక్కునేది కాలాన్ని.

ఆ ఏడాది మే 21నే తూర్పున ఒక కొండ మీద కొత్త శ్మశానం తెరిచారు. పద్నాలుగో లూయీ పాపనివేదనలు వినే జెసూట్ పాదిరీ ఫాదర్ లాషేజ్ ఒకప్పుడు ఉన్న ఇల్లు ఆ కొండ మీదుండేది, అందుకే పేర్ లాషేజ్. బ్రోనియార్ అనే వాస్తుశిల్పి దాన్ని తోటలా తీర్చాడు. మొదట పూడ్చింది ఒక ఐదేళ్ల పాపను.

జనం రాలేదు. దూరం, ఎత్తు, పైగా పునీతులెవరూ లేరక్కడ. ఏం చేయాలో నగరానికి బాగా తెలుసు: మధ్యయుగాల చర్చిల చిట్కానే వాడింది, పునీతుల బదులు ప్రముఖులతో. 1817లో నాటకకర్త మోలియేర్, నీతికథల లా ఫాంటేన్, 12వ శతాబ్దపు ప్రేమికులు అబెలార్, ఎలోయీజ్ అస్థికలను అక్కడికి మార్చారు. ఇక డబ్బున్నవాళ్లంతా వాళ్ల పక్కన చోటుకు వరస కట్టారు. తమాషా ఏంటంటే, లా ఫాంటేన్‌ను 1695లో పూడ్చింది ఇన్నోసెంట్స్‌లో అని చర్చి రికార్డు చెబుతోంది. మార్చినవాళ్లు అతని ఎముకలని తెచ్చింది వేరే శ్మశానం నుంచి. అంటే అసలు లా ఫాంటేన్ బహుశా క్యాటకూంబ్స్‌లో ఆ కుప్పల్లో ఎక్కడో ఉన్నాడు. పేర్ లాషేజ్‌లో ఆయన పేరున పూలు అందుకుంటున్నది ఇంకెవరో.

కొండ మీద పాలరాతి గోరీలు లేస్తున్నా, డబ్బు కట్టలేనివాళ్లకు మాత్రం పరిస్థితి మెల్లగానే మారింది. ఉత్తర్వులో ఒక్కొక్కరికి ఒక్కో గొయ్యి అని ఉన్నా, పారిస్‌లో బీదవాళ్లకు పొడవాటి కందకాలే తవ్వారు, పెట్టెలు ఒకదానికొకటి ఆనించి. ఐదేళ్లకు దున్నేసి మళ్లీ తవ్వడం. పాత గోతుల పద్ధతి పేదలకు ఇంకా చాలాకాలం పోలేదు.

1860లో పారిస్ చుట్టుపక్కల ఊళ్లను కలిపేసుకుంది. ఊరి బయట పెట్టిన పేర్ లాషేజ్, మోంపర్నాస్, మోంమార్త్ శ్మశానాలు మూడూ మళ్లీ ఊళ్లోకి వచ్చిపడ్డాయి. ఊరిని కూల్చి కట్టిన అధికారి హౌస్‌మన్, దూరంగా మెరీ సుర్ వాజ్ అనే చోట పెద్ద శ్మశానం కట్టి శవాలను రైల్లో పంపుదామన్నాడు. జనం ససేమిరా అన్నారు. వందేళ్ల కిందట శ్మశానం వద్దన్న ఊరు, ఇప్పుడు శ్మశానాన్ని దూరం చేయొద్దంటోంది. ఎందుకంటే ఈలోగా జనానికి గోరీ అలవాటైంది. ఆదివారం పూలు పట్టుకెళ్లి, పేరు చదువుకుని, కాసేపు కూర్చుని రావడం అలవాటైంది. ఇన్నోసెంట్స్ కాలంలో చదవడానికి పేరే ఉండేది కాదు.

శాశ్వతం అంటే ఎన్నేళ్లు?

పేర్ లాషేజ్ ఇప్పుడు 44 హెక్టార్లు. అక్కడ పూడ్చినవాళ్లు పది లక్షలకు పైనే. గోరీలు 70,000 అంటారు. ఈ రెండు అంకెలకూ మధ్య ఉన్న తేడాలోనే అసలు విషయం ఉంది.

శాశ్వతం అని అమ్మిన హక్కులు నగరానికి గుదిబండలయ్యాయి. కట్టినవాళ్లు పోయారు, వాళ్ల మనవలు ఎక్కడున్నారో తెలియదు, గోరీ పగిలి మొక్కలు మొలిచాయి, నేల మాత్రం వాళ్లదే. 1924లో చట్టం ఒక దారి చూపింది. చోటు ఇచ్చి 30 ఏళ్లు దాటాలి, గత 10 ఏళ్లలో అందులో ఎవరినీ పూడ్చి ఉండకూడదు, చూసేవాళ్లు లేక పాడుబడి ఉండాలి. అప్పుడు అధికారులు వచ్చి పరిస్థితి రాసుకుని, నోటీసు పెడతారు. కుటుంబం కోసం గడువు ఇస్తారు. ఎవరూ రాకపోతే రెండోసారి చూసి, హక్కు రద్దు చేసి, నేలను వెనక్కి తీసుకుంటారు. పాత పారిస్ శ్మశానాల్లో నడుస్తుంటే, నాచు పట్టిన రాతి మీద సంబంధీకులు ఆఫీసును సంప్రదించాలని కోరే చిన్న కాగితం అక్కడక్కడా కనిపిస్తుంటుంది. చనిపోయినవాడి ఇంటి తలుపు మీద అతికించిన నోటీసు అది.

తీసిన ఎముకలను పారేయరు. పేర్ లాషేజ్ పెద్ద దారి చివర 1899లో ఆవిష్కరించిన బార్తోలొమే శిల్పం ఉంది. మృతులంతా ఒక చీకటి గుమ్మంలోకి నడిచి వెళ్తున్నట్టుంటుంది. ఫొటోలు తీసుకునేవాళ్లలో చాలామందికి తెలియదు, ఆ శిల్పం వెనక, కొండ లోపల ఉన్నది నిజంగా ఎముకల గది అని. గడువు తీరినవాళ్లను చేర్చేది అక్కడే. ఇన్నోసెంట్స్ అటక ఇక్కడ కొండలోకి దిగింది, అంతే. తేడా లేకపోలేదు: ఇప్పుడు పెట్టెలు విడివిడిగా, పేరూ నంబరుతో ఉంటాయి.

ఇప్పుడు పారిస్‌లో చోటు తీసుకోవాలంటే 10 ఏళ్లకు, 30 ఏళ్లకు, 50 ఏళ్లకు, లేదా శాశ్వతంగా. ఊరి లోపలి శ్మశానాల్లో అసలు ఖాళీయే ఉండదు. 2025 చివర్లో నగర పాలక సంస్థ పేర్ లాషేజ్, మోంపర్నాస్, మోంమార్త్‌లలో పాడుబడ్డ 30 పాత గోరీలను లాటరీలో పెట్టింది. ఒక్కోటి 4,000 యూరోలు. గెలిచినవాళ్లు 19వ శతాబ్దంలో ఎవరో కట్టుకున్న ఆ రాతిని సొంత ఖర్చుతో బాగు చేయించాలి. పని సరిగ్గా జరిగిందని నగరం ఒప్పుకుంటే, అందులో తమ కోసం చోటు తీసుకోవచ్చు. దానికి డబ్బు వేరే. గడువు కూడా వాళ్లే ఎంచుకోవాలి: పదేళ్లా, ముప్ఫయ్యా, యాభయ్యా, శాశ్వతమా.